ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ధర, లైసెన్స్ గురించి అపోహలు - వాస్తవాలు

జీనోమ్ వ్యాలీ ఫార్మా కంపెనీలకు, గచ్చిబౌలి వైపు ఫైనాన్స్ సంస్థలకు, బంజారాహిల్స్‌లో సినిమా పోస్ట్ ప్రొడక్షన్ చేసేవాళ్లకు ఫైల్ ట్రాన్స్‌ఫర్ సిస్టమ్స్ పెట్టడం నా వృత్తి. ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) కీ ఎలా మార్చాలి, సర్టిఫికెట్ గడువు ఎప్పుడు ముగుస్తుంది లాంటివి అడిగితే వాళ్ల ఐటీ టీమ్‌లు టకటకా చెప్పేస్తాయి. అదే కొటేషన్ ముందు పెట్టి, ఇందులో మీరు దేనికి డబ్బు కడుతున్నారు అని అడిగితే చాలాచోట్ల జవాబు రాదు. రేటు ఎంతని అడిగేముందు, దేన్ని లెక్కపెట్టి ఆ రేటు వేస్తున్నారో తెలుసుకోండి. కింద రాసినవన్నీ చివరికి అక్కడికే వస్తాయి.

అపోహ: సర్వర్ ఒక్కటే కాబట్టి లైసెన్స్ ఒక్కటి చాలు.

వాస్తవం: ఒక్కో ప్రొడక్ట్ ఒక్కోదాన్ని లెక్కపెడుతుంది. కొన్ని సర్వర్‌ను, కొన్ని ప్రాసెసర్ కోర్‌లను, కొన్ని యూజర్లను, కొన్ని మీరు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పార్ట్‌నర్ల సంఖ్యను. ఆస్పెరా (పెద్ద ఫైళ్లను దూరాలకు వేగంగా పంపే ఐబీఎం సాఫ్ట్‌వేర్) లాంటివాటిలో సొంత సర్వర్ మీద పెట్టుకుంటే బ్యాండ్‌విడ్త్‌ను బట్టి, క్లౌడ్‌లో అయితే పంపిన డేటాను బట్టి లెక్క ఉంటుంది. ఎస్ఎఫ్‌టీపీ బేస్ ధరలోనే వచ్చి, ఏఎస్2 (కంపెనీల మధ్య ఫైళ్లను రసీదుతో సహా పంపే పద్ధతి) మాత్రం విడి మాడ్యూల్‌గా ఉండటం చాలా ప్రొడక్టుల్లో మామూలే. యూఏటీకి (యూజర్లు పరీక్షించి చూసే సెటప్‌కు) ఒక కాపీ, డీఆర్ సైట్‌లో (అసలు సర్వర్ పడిపోతే నడిపే బ్యాకప్ చోట) ఒక కాపీ పెడితే వాటికీ లైసెన్స్ కావాలా, డీఆర్ ఆఫ్‌లో ఉంటే ఒక లెక్క, ఆన్‌లో ఉంటే ఇంకో లెక్కా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఇది నోటిమాటగా వద్దు, మెయిల్‌లో రాయించుకోండి.

ఇక్కడి ఫార్మా ఎగుమతిదారులనే తీసుకోండి. అమెరికాలో 2013లో వచ్చిన డ్రగ్ సప్లై చైన్ సెక్యూరిటీ యాక్ట్ వల్ల మందుల ప్యాకెట్ల ట్రాకింగ్ వివరాలు ఎలక్ట్రానిక్ రూపంలో చేతులు మారాలి. అక్కడి డిస్ట్రిబ్యూటర్లలో చాలామంది ఏఎస్2 అడుగుతారు. మొదట ఐదారుగురే పార్ట్‌నర్లు ఉంటారు కాబట్టి పార్ట్‌నర్‌కింత అనే లైసెన్స్ చవకగా కనిపిస్తుంది, ఫైళ్లేమో చిన్నవి, కొన్ని కేబీలే. తర్వాత వ్యాపారం పెరిగి ఆ ఐదారుగురు నలభై మంది అయ్యేసరికి, పోయే డేటా ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేంతే ఉన్నా బిల్లు మాత్రం ఏడెనిమిది రెట్లు పెరుగుతుంది. వీళ్లకు కావాల్సింది సర్వర్ లెక్కన ఇచ్చే లైసెన్స్. పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోది దీనికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి. ఉండేది ఇద్దరు ముగ్గురు పార్ట్‌నర్లు, కానీ రిలీజ్ ముందు నెలలో టెరాబైట్లు పోతాయి, మిగతా ఏడాదంతా దాదాపు ఖాళీ. వాళ్లు డేటా లెక్కన ఏడాదికి ముందే కమిట్ అయితే, వాడని టెరాబైట్లు వచ్చే ఏడాదికి బదిలీ అవుతాయో లేదో అడక్కుండా సంతకం పెట్టకూడదు.

కోర్ లెక్కలో ఇంకో చిక్కుంది. ప్రాసెసర్ కోర్‌లను బట్టి లెక్కపెట్టే ఐబీఎం పీవీయూ లైసెన్స్‌లో 32 కోర్ల మెషీన్ మీద 4 కోర్ల వీఎం (వర్చువల్ మెషీన్) ఇచ్చి సాఫ్ట్‌వేర్ నడుపుతుంటే, ఆ నాలుగింటికే కట్టే వెసులుబాటు ఉంది. అయితే ఐఎల్ఎంటీ అనే లెక్కల టూల్‌ను 90 రోజుల్లోపు పెట్టి, మూడు నెలలకోసారైనా రిపోర్ట్ తీసి దాచుకోవాలి. లేదంటే ఆడిట్‌లో 32 కోర్లకూ కట్టమనే హక్కు వాళ్లకు ఉంటుంది. టూల్ ఉచితమే, దాన్ని పెట్టి చూసుకునే మనిషే కావాలి. ఇది తెలియక ఆడిట్ నోటీసు రాగానే టెన్షన్ పడుతున్న టీమ్‌లను చూశాను, అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

అపోహ: పర్పెచువల్ లైసెన్స్ కొంటే ఒక్కసారితో అయిపోతుంది.

వాస్తవం: ఎప్పటికీ మీదయ్యేది ఆ రోజు కొన్న వెర్షన్‌ను వాడుకునే హక్కు మాత్రమే. కొత్త వెర్షన్లు, ప్యాచ్‌లు కావాలంటే ఏటా మెయింటెనెన్స్ కట్టాలి, అది మామూలుగా లైసెన్స్ ధరలో ఐదో వంతు దగ్గర ఉంటుంది. అంటే ఐదేళ్లలో ఇంకోసారి కొన్నంత. మధ్యలో ఒక ఏడాది మానేసి మళ్లీ చేరదామంటే చాలా కంపెనీలు ఆగిన కాలానికి కూడా వసూలు చేస్తాయి, పైన పెనాల్టీ వేసేవాళ్లూ ఉన్నారు.

"బాగానే నడుస్తోందిగా, ఏఎంసీ ఎందుకు" అనేవాళ్లు 2023 మే చివర్లో మూవ్‌ఇట్ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్‌లో ఏం జరిగిందో చూడాలి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (డేటాబేస్‌లోకి దొంగ ఆదేశాలు పంపే సందు) ఒకటి పట్టుకుని క్లాప్ ముఠా ప్రపంచమంతటా రెండు వేలకు పైగా సంస్థల డేటా లాగేసింది. సపోర్ట్‌లో ఉన్న వెర్షన్లకు రోజుల వ్యవధిలో ప్యాచ్ వచ్చింది, బాగా పాతవి వాడుతున్నవాళ్లు ముందు అప్‌గ్రేడ్ చేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మొదట్లో గోఎనీవేర్, అంతకు ముందు 2020 డిసెంబర్‌లో అక్సెలియన్ ఎఫ్‌టీఏ అనే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్లు కూడా ఇలాగే దెబ్బతిన్నాయి. ఇవన్నీ పెద్ద సంస్థలు డబ్బు పెట్టి కొన్నవే. కాబట్టి ఖరీదైనది కదా సేఫ్ అనే మాట కూడా ఈ లెక్కలోనే పోతుంది. ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన ఫైల్ ట్రాన్స్‌ఫర్ సర్వర్‌కు మెయింటెనెన్స్ ఆపడం నా దృష్టిలో పొదుపు కానే కాదు.

అపోహ: ఎక్కువ పెడితే ఫైళ్లు వేగంగా వెళ్తాయి.

వాస్తవం: దూరాన్ని బట్టి. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపే మామూలు పద్ధతి) కొంత డేటాను మాత్రమే పంపి ఆగుతుంది, ఆ కొంతనే విండో అంటారు. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఒక రౌండ్ ట్రిప్ పావు సెకను అనుకుంటే, 64 కేబీ విండోతో ఒక కనెక్షన్ మీద దాదాపు 2 ఎంబీపీఎస్ దాటదు, మీ లైన్ 1 జీబీపీఎస్ అయినా సరే. ఇప్పటి సిస్టమ్స్‌లో విండో పెరుగుతుంది కాబట్టి అంత ఘోరంగా ఉండదు, అయినా ప్యాకెట్లు పోయే లైన్ మీద తేడా బాగా తెలుస్తుంది. ఆస్పెరా యూడీపీ (జవాబు కోసం ఆగని పద్ధతి) మీద సొంత పద్ధతిలో పంపేది దీన్ని దాటడానికే, అక్కడ దాని ధరకు అర్థముంది. అదే గచ్చిబౌలి ఆఫీసు నుంచి ఊళ్లోనే ఉన్న డేటా సెంటర్‌కు పంపడానికైతే అనవసరం. ఇంకోటి, 100 ఎంబీపీఎస్ లైన్ మీద 1 టీబీ పంపాలంటే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా 22 గంటలు పడుతుంది. ముందు లైన్ పెంచుకోండి.

అపోహ: క్లౌడ్‌లో వాడినంతే కడతాం.

వాస్తవం: అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని ఫైల్ ట్రాన్స్‌ఫర్ సేవ అయిన ట్రాన్స్‌ఫర్ ఫ్యామిలీ అమెరికా రేట్లు చూస్తే, ఎస్ఎఫ్‌టీపీ ఎండ్‌పాయింట్ (ఫైళ్లు వచ్చిపోయే సర్వర్ చిరునామా) ఉన్నంతసేపు గంటకు 0.30 డాలర్లు. 30 రోజుల నెలకు 216 డాలర్లు, ఒక్క ఫైలు పోకపోయినా. ఎఫ్‌టీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఇంకో పద్ధతి) కూడా తెరిస్తే దానికి మళ్లీ అంత. డేటాకు జీబీకి 0.04 డాలర్లు, బయటికి పోయే డేటా చార్జీ వేరే. సర్వర్‌ను స్టాప్ చేస్తే మీటర్ ఆగుతుందనుకుంటారు, ఆగదు, డిలీట్ చేయాలి. టెస్టింగ్‌కని పెట్టి మరిచిపోయిన ఎండ్‌పాయింట్లు ఉన్నాయేమో ఈరోజే ఒకసారి చూడండి.

అపోహ: ఓపెన్ సోర్స్ అయితే ఆడిట్‌లో ఒప్పుకోరు.

వాస్తవం: ఆడిటర్ అడిగేది లాగులు (ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న రికార్డులు), కీల నిర్వహణ, ఎవరికి ఏ యాక్సెస్ ఉంది అన్నవి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి, నిర్దేశించిన రకాల సైబర్ ఘటనలు తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలి. ఎస్ఎఫ్‌టీపీ సర్వర్‌గా పనిచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌తో ఇది చేయొచ్చు, వ్యాపారానికి వాడుకున్నా లైసెన్స్ ఫీజు లేదు. ఐదుగురు పార్ట్‌నర్లు, రాత్రి ఒక బ్యాచ్ అంటే నేనైతే అదే పెట్టమంటాను. అరవై మంది పార్ట్‌నర్లు ఉండి, ఫెయిలైన ఫైలును అర్ధరాత్రి మళ్లీ పంపాలి, అవతలివాళ్ల సంతకంతో రసీదు కావాలి అంటే మాత్రం స్క్రిప్టులు రాసే ఉద్యోగి జీతం కంటే కొన్న సాఫ్ట్‌వేరే చవక. ఆ ఉద్యోగి మానేసిన రోజు ఇంకా బాగా తెలుస్తుంది.

అపోహ: మార్చి ఆఖర్లో బేరమాడితే మంచి రేటు వస్తుంది.

వాస్తవం: మార్చి 31న ముగిసేది మన ఆర్థిక సంవత్సరం, అమ్మేవాళ్లది కాదు. ఐబీఎంకు డిసెంబర్‌లో, మూవ్‌ఇట్ అమ్మే ప్రోగ్రెస్‌కు నవంబర్ 30కి ముగుస్తుంది. అసలైన తగ్గింపు వాళ్ల సంవత్సరాంతంలో దొరుకుతుంది. మార్చిలో మీకు బడ్జెట్ ఖర్చు పెట్టే తొందర ఉందని వాళ్లకూ తెలుసు.

ధరకు పైన 18 శాతం జీఎస్టీ ఉంటుంది. విదేశీ కంపెనీ నుంచి నేరుగా కొంటే రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి. మామూలు కంపెనీకి అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. సగం క్రెడిట్ పద్ధతి ఎంచుకున్న బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీలకు మాత్రం సగం నిజంగా ఖర్చే, కాబట్టి వాళ్లు కొటేషన్లు పోల్చేటప్పుడు ఆ 9 శాతం కలిపి చూడాలి. డాలర్‌లో మూడేళ్ల ఒప్పందమైతే రూపాయి పడితే వచ్చే భారం కూడా మీదే. 2014లో 60 దగ్గరున్న డాలర్ 2024లో 83 దాటింది. రూపాయల్లో కొటేషన్ ఇమ్మని రీసెల్లర్‌ను అడగండి.

రెన్యువల్‌లో ఏడాదికి ఇంత శాతానికి మించి పెంచరాదన్న షరతు మొదటి పీఓలోనే (పర్చేజ్ ఆర్డర్‌లోనే) పెట్టించాలి, రెండో ఏడు అడిగితే ఎవరూ ఇవ్వరు. ఆటో రెన్యువల్ ఉందో లేదో, ఉంటే 60 రోజుల ముందు చెప్పాలా 90 రోజుల ముందు చెప్పాలా అన్నది చూసి, ఆ తేదీని ప్రొక్యూర్‌మెంట్ వాళ్ల క్యాలెండర్‌లో కూడా వేయించండి.