సింఫనీకి కథ ఎందుకు? ఓ పాత తగువు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీల్లో వాయించే రచనల పేర్లు చూడండి. 'సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే రచన) నంబర్ 1, సి మైనర్' అని లెక్కల పుస్తకంలో అధ్యాయంలా ఒకటి ఉంటుంది. పక్కనే 'హామ్లెట్' అని ఇంకోటి. మొదటిదానికి స్వరాలే సర్వస్వం, రెండోదాని వెనక ఓ కథ ఉంది. ఈ తేడా మీదే 19వ శతాబ్దపు జర్మనీలో సంగీతకారులు రెండు జట్లయి కొట్టుకున్నారు.

1824లో జర్మన్ స్వరకర్త బేతోవెన్ తన తొమ్మిదో సింఫనీ చివర్లో గాయకులను దించాడు. అంటే వాద్యాల పని అయిపోయింది, ఇక మాట తోడు కావాల్సిందే అని తర్వాత ఒపేరాలు (పాటలతో నడిచే నాటకాలు) రాసే వాగ్నర్ తేల్చేశాడు. వాగ్నర్ ఆ మాట అనకముందే, 1830లో, ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ ప్యారిస్‌లో తన 'సింఫనీ ఫాంటాస్టిక్' కథను అచ్చేయించి మరీ శ్రోతలకు ఇచ్చాడు. ప్రేమలో దెబ్బతిన్న కళాకారుడు నల్లమందు మింగి కనే కలలవి. ప్రియురాలికి ఒక స్వరాల వరస ఉంటుంది. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా అదే వినిపిస్తుంది. ఆఖరున మంత్రగత్తెల మధ్యకు ఆమె వచ్చేసరికి ఆ వరసే వెకిలిగా గెంతుతుంది. మన సినిమాల్లో హీరో బీజీఎంకి ఇది ముత్తాత అనుకోవచ్చు. తర్వాత పియానో విద్వాంసుడు, స్వరకర్త లిస్ట్ జర్మనీలోని వైమార్‌లో కూర్చుని, ఓ కథనో కవితనో పట్టుకుని ఏకబిగిన సాగే 'సింఫనిక్ పోయెమ్' అనే ప్రక్రియనే తయారు చేశాడు.

హాన్స్‌లిక్ అనే వియన్నా విమర్శకుడికి ఇదేమీ నచ్చలేదు. సంగీతంలో అందం స్వరాల నడకలోనే ఉంటుందని 1854లో పుస్తకం రాశాడు. కీర్తనలో రాగం గొప్పదా, సాహిత్యం గొప్పదా అని మనవాళ్లు వాదించుకోవడం తెలిసినవాళ్లకి ఈ పేచీ కొత్తగా అనిపించదు.

1860లో మాత్రం వ్యవహారం నవ్వులాటకొచ్చింది. లిస్ట్ వర్గాన్ని ఖండిస్తూ యువ స్వరకర్త బ్రామ్స్, వయొలిన్ విద్వాంసుడు యోవాకిమ్ ఒక ప్రకటన తయారు చేసి సంతకాలు సేకరిస్తున్నారు. యోవాకిమ్ ఒకప్పుడు వైమార్‌లో లిస్ట్ దగ్గర వాయించినవాడే! చాలామంది పేర్లు చేరాల్సి ఉండగా ఆ కాగితం ఎలాగో బెర్లిన్ పత్రికకి చేరి, నాలుగే నాలుగు సంతకాలతో అచ్చయిపోయింది. ఈలోపే అవతలి వర్గం పత్రిక దానికి పేరడీ కూడా వేసేసింది. పేరడీ వేసిన ఆ పత్రికను పెట్టింది ఎవరో కాదు, స్వరకర్త షూమన్. 1853లో ఇరవై ఏళ్ల బ్రామ్స్‌ను ఆకాశానికెత్తుతూ ఆయన వ్యాసం రాసింది అందులోనే.

పరువు పోయిన బ్రామ్స్ ఇక అలాంటి ప్రకటనల జోలికి పోలేదు. మొదటి సింఫనీ బయటపెట్టేసరికి 43 ఏళ్లు వచ్చాయి. అది 1876 నవంబర్. అదే ఏడాది ఆగస్టులో బైరాయిట్‌లో లిస్ట్ వర్గానికి చెందిన వాగ్నర్ నాలుగు రాత్రుల ఒపేరా 'రింగ్' ఆడింది.

అభిమానులు తిట్టుకున్నంతగా బ్రామ్స్, వాగ్నర్ తిట్టుకోలేదనే నాకనిపిస్తుంది. వాగ్నర్ ఒపేరా 'టాన్‌హాయిజర్' చేతిరాత ప్రతి కొంత బ్రామ్స్ దగ్గర భద్రంగా ఉండేది. 1875లో వాగ్నర్ అది తిరిగిమ్మని అడిగాడు. బ్రామ్స్ ఊరికే ఇవ్వలేదు, బదులుగా వాగ్నర్ మరో ఒపేరా 'మైస్టర్‌సింగర్' స్వరప్రతి అడిగాడు. చివరికి వాగ్నర్ పంపింది 'రింగ్'లో మొదటి భాగమైన 'రైన్‌గోల్డ్' స్వరప్రతి.