ఖాళీ జాగాకు రేటు కట్టిన రోజు

హైదరాబాద్‌లో ఎక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగినా ఆ వారమంతా సెల్లార్ల తనిఖీలు, నోటీసులు, సీళ్లు. ఆ తర్వాత బిల్డింగ్ ఓనర్ల వంతు వస్తుంది. ‘డబ్బులు కట్టించుకుని మీరే రెగ్యులరైజ్ చేశారు, ఇప్పుడు అక్రమమంటే ఎలా?’ అని నిలదీస్తారు. ఇదేమీ తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. అది ఎక్కడ పుట్టిందో చూడాలంటే మాత్రం ఈమధ్య జరిగిన ప్రమాదాలు చాలవు, 2007 డిసెంబర్ 31 దాకా వెళ్లాలి.

ఆ రోజు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 901 ఇచ్చింది. అదే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, అందరి నోట్లో బీపీఎస్. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబర్ 15 మధ్య ప్లాన్‌కు విరుద్ధంగా కట్టినవాళ్లు జరిమానా కడితే వదిలేస్తారు. అదనపు అంతస్తు వేసినా, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మింగేసినా సరే. ఖజానాకు డబ్బు వచ్చింది, ఓనర్లకు కాగితం వచ్చింది.

సెట్‌బ్యాక్ అంటే గాలీ వెలుతురూ రావడానికే అనుకుంటాం. ఫైర్ సిబ్బందికి అది పని చేసే చోటు. నిచ్చెన వేయాలన్నా, వెనక కిటికీలోంచి మనిషిని దించాలన్నా, పక్క బిల్డింగ్‌కు మంట పాకకుండా ఆపాలన్నా ఆ జాగాలోనే నిలబడాలి. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదని అనలేం. 18 మీటర్లు, ఆపైన ఎత్తు లేచే భవనానికి చుట్టూ కనీసం 7 మీటర్లు వదలాలని 2006 మార్చిలో జీవో 86లో రాసింది ఆ ప్రభుత్వమే. కొత్తగా కట్టేవాళ్లకు అలా చెప్పి రెండేళ్లు తిరక్కుండానే, అప్పటికే మింగేసిన జాగాకు రేటు కట్టింది.

మరో గీత కూడా 2006లోనే గీశారు. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం కింద వచ్చిన రూల్స్ ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలకు ఫైర్ శాఖ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఉండాలి. నివాస భవనాలకైతే 18 మీటర్లు. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లెక్క వేరు. మిగతా చిన్న బిల్డింగులన్నీ మున్సిపాలిటీ చూసుకోవాలి. మన బజార్లలో కింద షాపు, పైన లాడ్జో కోచింగ్ సెంటరో ఉండే నాలుగంతస్తుల బిల్డింగుల్లో చాలా వరకు ఈ గీత కిందే ఆగిపోతాయి. అక్కడికి ఫైర్ అధికారి చాలాసార్లు మొదటిసారి వెళ్లేది మంట లేచాకే.

ఫైర్ శాఖ వైపు నుంచి వినిపించే మాటను కాస్త వివరంగానే చెప్పాలి. ప్లాన్ మంజూరు చేసేది వాళ్లు కాదు, ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేదీ వాళ్లు కాదు. తమ పరిధిలోని పెద్ద బిల్డింగుల్లో లోపం కనబడితే నోటీసు ఇవ్వగలరు, వినకపోతే కోర్టుకెళ్లగలరు. కేసు నడిచినన్నాళ్లూ వ్యాపారమూ నడుస్తుంది. పైగా తనిఖీ చేసి వచ్చిన రోజున ఉన్న బిల్డింగ్ ఆర్నెల్లకు ఉండదు. రెండో మెట్ల దగ్గర అట్టపెట్టెలు చేరతాయి, పార్కింగ్ గోడౌన్ అవుతుంది. ఏ అంతస్తులో ఏ వ్యాపారం మారిందో ముందుగా తెలిసేది లైసెన్స్ ఇచ్చినవాళ్లకే. సిబ్బంది చాలరన్నది జీహెచ్‌ఎంసీ జవాబు. నిజమే కావచ్చు.

2022, 23ల్లో ఏడాది తిరక్కుండా జరిగిన నాలుగు ప్రమాదాలను ఈ వెలుగులో చూడాలి. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోడౌన్‌లో 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. పొగంతా ఒక్కగానొక్క మెట్ల దారి పట్టి పైకెక్కింది. కిందికి రావడానికి బసచేసినవాళ్లకూ అదే దారి. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులోని డెక్కన్ మాల్ అంటుకుని ముగ్గురు కార్మికులు లోపలే ఉండిపోయారు. చివరికి ఆ బిల్డింగ్‌నే కూల్చేశారు. మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు ఊపిరాడక పోయారు, అందరూ ఇరవైల్లో ఉన్న ఉద్యోగులు. ఇందులో ఎత్తులో గీత దాటిన స్వప్నలోక్ చట్టం రాకముందు కట్టింది. పాత బిల్డింగ్‌కు కొత్త రూల్ ఎంతవరకు వర్తిస్తుందన్న తగువు దానితో మళ్లీ మొదలైంది.

ఆంధ్రప్రదేశ్ పరిస్థితీ వేరుగా ఏం లేదు. 2020 ఆగస్టు 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్‌లో పదిమంది చనిపోయారు. హోటల్‌ను కోవిడ్ కేర్ సెంటర్‌గా మార్చారు. భవనం వాడకం మారినప్పుడు ఎవరు చూడాలన్న ప్రశ్నే అక్కడా వచ్చింది.

ఇక ఇప్పటి పేచీకి అసలు ముడి 2015లో పడింది. బీపీఎస్ ఒక్కసారికే అన్నారు గానీ, ఆ ఏడాది నవంబర్ 2న తెలంగాణ ప్రభుత్వం జీవో 152తో బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్, అంటే బీఆర్‌ఎస్ తెచ్చింది (పార్టీ కాదు, పథకం, పార్టీకి ఆ పేరు తర్వాత వచ్చింది). ఏ తేదీలోపు కట్టినవాటికి వర్తిస్తుందన్న గడువు 2015 అక్టోబర్ 28 దాకా జరిగింది. అంటే బీపీఎస్ తర్వాత ఎనిమిదేళ్లలో ప్లాన్ మీరినవాళ్లకు మళ్లీ అవకాశం. ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపిన జాగాను మాత్రం క్రమబద్ధీకరించేది లేదని అందులో రాశారు. ఒక్క గ్రేటర్ హైదరాబాద్‌లోనే లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. హైకోర్టులో పిల్ పడింది, తుది ఉత్తర్వులు ఇవ్వొద్దన్న ఆదేశం వచ్చింది. ఫైళ్లు ఆగిపోయాయి, బిల్డింగులు నడుస్తూనే ఉన్నాయి. ఈరోజు నోటీసు అందుకున్న ఓనర్ దగ్గర అప్పటి రసీదు ఉంటుంది. అది అనుమతి కాదు, అలాగని తిరస్కరణా కాదు. ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపిన సెల్లార్ విషయంలో మాత్రం ఆ రసీదును అడ్డం పెట్టుకునే వీల్లేదు.

2024 జూలైలో విపత్తుల నిర్వహణ, ఆస్తుల రక్షణ కోసం పెట్టిన సంస్థ హైడ్రా వచ్చి జీహెచ్‌ఎంసీలోని విపత్తు నిర్వహణ విభాగాన్ని తనలోకి తీసుకుంది. దాంతో ఫైర్ శాఖ, జీహెచ్‌ఎంసీ ఇద్దరి మధ్య ఉన్న బాధ్యత ముగ్గురి మధ్యకు వచ్చింది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద నగల షాపులు, పైన ఇల్లు ఉన్న భవనంలో 17 మంది చనిపోయాక ప్రభుత్వం వేసిన విచారణ కమిటీలో ఈ ముగ్గురూ ఉన్నారు. ఆ భవనానికి దారి సుమారు 2 మీటర్లు, మెట్ల వెడల్పు మీటరు. 15 మీటర్ల గీత ప్రకారం లెక్కగడితే దాన్ని ముందే చూడాల్సిన పని ఫైర్ శాఖది కాదు.