పైసలు తీసుకుంటే ఆటగాడు కాకుండా పోతాడా?

2023 అక్టోబరు 7న హాంగ్జౌలో ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్ జరిగింది. పవన్ సెహ్రావత్ కెప్టెన్సీలో భారత్ 33-29తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. అక్టోబరు 9న ప్రో కబడ్డీ వేలం మొదలైంది. అందులో అదే పవన్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. ఫైనల్లో మనవాళ్లకు చెమటలు పట్టించిన ఇరాన్ ఆటగాడు షాద్లూయిని పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకు తీసుకుంది.

ఆ వారం హనుమకొండలో మా పక్కింటి పెద్దాయన నన్ను పిలిచి అడిగారు. ఆయన ఒకప్పుడు ఊరి జట్టు తరఫున కూతకు వెళ్లినవారు. "బిడ్డా, ఇన్ని కోట్లు తీసుకునేటోళ్లను ఆసియా క్రీడలకు పంపుడేంది? అవి ఆట మీద పాణంతో ఆడేటోళ్లవి కదా!"

ఆయన బాధ నిజమైనదే. చాలామంది మనసులో ఉన్నదీ అదే. అయితే డబ్బు ముట్టనివాడే అసలైన ఆటగాడు అన్న నియమం ఎక్కడ పుట్టిందో చూస్తే, అది మా పెద్దాయనలాంటి వాళ్లను బయట నిలబెట్టడానికి పుట్టిందే.

ఇంగ్లండ్‌లో హెన్లీ పడవ పందేలు నడిపేవాళ్లు 'అమెచూర్' అంటే, డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవాడు అంటే, ఎవరన్నది 1879లో రాసిపెట్టారు. పోటీల్లో డబ్బు తీసుకున్నవాళ్లు అమెచూర్లు కాదన్నారు. అంతటితో ఆగలేదు. కూలికి పనిచేసే మెకానిక్, చేతిపనివాడు, కూలీ కూడా కాదన్నారు. అంటే ఆట ద్వారా సంపాదించకపోయినా, చేతులతో కష్టపడి బతికితే చాలు, పడవ ఎక్కనివ్వరు. రోజంతా రెక్కలు ముక్కలు చేసుకునేవాడికి కండబలం ఎక్కువుంటుందని, అది అన్యాయమైన లాభమని వాళ్ల వాదన. 1937 దాకా ఆ మాట నిబంధనల్లో ఉంది. వాళ్ల క్రికెట్‌లోనూ అంతే. జీతం తీసుకోని దొర 'జెంటిల్‌మన్', తీసుకునేవాడు 'ప్లేయర్'. స్కోరు కార్డు మీద దొరకు ఇనీషియల్స్ పేరుకు ముందు, జీతగాడికి పేరు తర్వాత అచ్చువేసేవారు. ఒకే జట్టులో ఆడినా మైదానంలోకి వేర్వేరు గేట్లలోంచి వచ్చేవారు. 1962 తర్వాత గానీ ఈ తేడా పోలేదు.

1894లో పారిస్‌లో ఫ్రాన్స్ దొర కూబర్టిన్ పెట్టిన సభ ఒలింపిక్స్‌ను మళ్లీ మొదలుపెట్టాలని తీర్మానించింది. ఇంగ్లండ్‌లో తయారైన అమెచూర్ నియమాన్నే దాదాపుగా ఒలింపిక్స్ తలకెత్తుకుంది. దానికి బలైనవాళ్లలో జిమ్ థోర్ప్ కథ నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు. అమెరికా ఆదివాసీ కుటుంబంలో పుట్టినవాడు. 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్ (ఐదు పోటీలు కలిపింది), డెకాథ్లాన్ (పది పోటీలు కలిపింది) రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచాడు. అంతకు రెండు మూడేళ్ల ముందు సెలవుల్లో ఒక చిన్న బేస్‌బాల్ జట్టుకు ఆడి కొంచెం డబ్బు తీసుకున్నాడు. డబ్బున్న కాలేజీ పిల్లలు దొంగపేర్లతో అదే పని చేసేవారు. థోర్ప్ సొంత పేరుతో ఆడి దొరికిపోయాడు. 1913లో పతకాలు లాగేసుకున్నారు. అభ్యంతరం చెప్పడానికి ఆటలు ముగిశాక 30 రోజులే గడువు. అది ఎప్పుడో దాటింది, ఎవరూ పట్టించుకోలేదు. 1912లో ఆ రెండు పోటీల్లోనూ థోర్ప్ వెనక మిగిలిపోయిన ఎవరీ బ్రండేజ్ తర్వాత 1952 నుంచి 1972 దాకా ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు. ఆ ఇరవై ఏళ్లలోనూ పతకాలు తిరిగి ఇవ్వలేదు. 1982లో సహవిజేతగా ఇస్తామన్నారు, అప్పటికి థోర్ప్ చనిపోయి 29 ఏళ్లు. ఆయన ఒక్కడే విజేత అని ఒప్పుకోవడానికి 2022 రావలసి వచ్చింది.

ఫిన్లాండ్ పరుగువీరుడు నూర్మీని 1932లో, ఆస్ట్రియా స్కీయర్ ష్రాంజ్‌ను 1972లో ఇలాగే ఆపేశారు. మరోవైపు 1952లో ఒలింపిక్స్‌కు వచ్చిన సోవియట్ ఆటగాళ్లకు సైన్యంలోనో ఫ్యాక్టరీలోనో ఉద్యోగం, పని మాత్రం ప్రాక్టీసే. కాగితం మీద వాళ్లు అమెచూర్లు.

మన దేశంలో మనవాళ్లు బతికిందీ ఆ పద్ధతిలోనే. ధ్యాన్‌చంద్ సైన్యంలో సిపాయి. 1956 మెల్‌బోర్న్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానందాకా తీసుకెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ కోచ్. పోలీసు ఉద్యోగమే ఆ ఆటగాళ్లకు అన్నం పెట్టింది. 2021 సెప్టెంబరులో మా హనుమకొండ జేఎన్ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నాటి సునీతారాణి రికార్డు కొట్టింది ఇక్కడే. ఆ మీట్‌లో ఎంతోమంది రైల్వేస్, సర్వీసెస్ తరఫున పరుగెత్తారు. నెల తిరిగేసరికి జీతం పడేవాళ్లు. అది తప్పని ఎవరికీ తోచలేదు. తోచకూడదు కూడా.

ఒలింపిక్ కమిటీ 1974లో నియమాన్ని సడలించింది, 1986లో నిర్ణయం ఏ ఆటకు ఆ ఆట సమాఖ్యకే వదిలేసింది. 1988లో టెన్నిస్ ప్రొఫెషనల్స్‌తో, అంటే డబ్బుకు ఆడేవాళ్లతో, ఒలింపిక్స్‌కు తిరిగొచ్చింది. 1992 బార్సిలోనాలో ప్రొఫెషనల్స్‌తో అమెరికా బాస్కెట్‌బాల్ 'డ్రీమ్ టీమ్' దిగాక వాదన దాదాపు ముగిసింది. 2024 పారిస్‌లో అథ్లెటిక్స్ స్వర్ణానికి వరల్డ్ అథ్లెటిక్స్ 50 వేల డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది.

నాకు నిజంగా అనుమానమున్నది బాక్సింగ్ దగ్గర ఒక్కటే. ఒలింపిక్స్‌లో మూడు రౌండ్ల ఆట వేరు, ప్రొఫెషనల్స్ ఆడే పన్నెండు రౌండ్ల ఆట వేరు. ఆరితేరిన ప్రొఫెషనల్ ముందు పంతొమ్మిదేళ్ల పిల్లవాడిని నిలబెడితే దెబ్బ తలకు తగులుతుంది. 2016 రియోలో ప్రొఫెషనల్స్‌ను రానిచ్చినప్పుడు వచ్చింది ముగ్గురే, ఒక్కరికీ పతకం రాలేదు. అయినా ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. బాక్సర్లు నిఖత్ జరీన్, హుసాముద్దీన్ ఇద్దరూ నిజామాబాద్ వాళ్లే కాబట్టి ఇది మాకు దూరపు సంగతేమీ కాదు. హుసాముద్దీన్‌ది ఆర్మీ ఉద్యోగం. నిఖత్‌ను రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీని చేసింది. పర్వతగిరి మండలం కల్లెడలో కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టిన దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెస్తే కోటి రూపాయలు ప్రకటించారు. హెన్లీ పద్ధతిలో అయితే ఆమె ఇంట్లోవాళ్లు మొదటి గేటు దగ్గరే ఆగిపోయేవారు.

విచిత్రమేమంటే మన కబడ్డీ సమాఖ్య పేరులో ఇప్పటికీ 'అమెచూర్' ఉంది. నిరుటి సంక్రాంతికి పరకాల వైపు ఒక ఊరి టోర్నమెంటు చూశాను. ఒక జట్టుకు రైడర్ తక్కువై పక్క ఊరి పిల్లవాడిని తెచ్చుకున్నారు. రోజుకు పదిహేను వందలు. ఐదు వందల నోట్లు మూడు, మడతపెట్టి దోస్తు చేతికిచ్చి బరిలోకి దిగాడు. మోకాలు కొట్టుకుపోయి రక్తం కారుతుంటే అంత మట్టి అద్దుకుని మళ్లీ కూతకు పోయాడు. చూస్తున్నంతసేపూ నాకు థోర్ప్ గుర్తొచ్చాడు. ఆట అయ్యాక ఆ పైసలేం చేస్తావు తమ్ముడూ అని అడిగాను. షూస్ కొనాలన్నా అన్నాడు. జిల్లా సెలక్షన్స్ మ్యాట్ మీద పెడతారట, అతను అప్పటిదాకా ఆడిందంతా ఒట్టి కాళ్లతో, మట్టిలోనే.