బండి నిలుపుకునే చోటుకు 64 ఏళ్లు

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పేరుస్తారు. ఇంజినీరింగ్ గైడ్ల పక్కనే ఉర్దూ కవిత్వం, దాని మీద అట్ట ఊడిన తెలుగు నవల. చీకటి పడేసరికి అన్నీ సంచుల్లోకి వెళ్లిపోతాయి. పుస్తకాలు అమ్ముకోవడం ఆ వ్యాపారి హక్కు అన్న విషయంలో 1950 నుంచి ఎవరికీ పేచీ లేదు. ఆ ఆరడుగుల నేల సంగతి తేలడానికి మాత్రం 2014 దాకా పట్టింది.

రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఏ వృత్తినైనా చేపట్టే, ఏ పనైనా, వర్తకమైనా, వ్యాపారమైనా సాగించే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19(6) చెబుతుంది. అప్పటి హైదరాబాద్‌కు ఈ హక్కు పూర్తిగా కొత్త. మతం, పుట్టుక, రంగు కారణంగా ఎవరినీ ఏ వృత్తికీ దూరం చేయకూడదని 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో ఒక నిబంధన ఉండేది కానీ, అది బ్రిటిష్ ఇండియాకే పరిమితం. నిజాం రాజ్యానికి వర్తించలేదు. ఇక్కడి పల్లెల్లో ఎవరు ఏ పని చేయాలో పుట్టుకే తేల్చేది, ఆ పనిని దొర వెట్టిగా చేయించుకునేవాడు. కుమ్మరి గడీకి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి బట్టలు ఊరికే ఉతకాలి. భారత రాజ్యాంగాన్ని హైదరాబాద్‌కు అంగీకరిస్తూ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1949 నవంబరు 23న ఫర్మానా ఇచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి వెట్టిని నిషేధించే 23వ అధికరణమూ, పని ఎంచుకోమనే 19వ అధికరణమూ ఒకే రోజున ఇక్కడ అమల్లోకి వచ్చాయి. ఈ రెంటినీ విడదీసి చదవకూడదని నా గట్టి నమ్మకం. ఇష్టంలేని పని మానుకోలేని మనిషికి ఇష్టమైన పని ఎంచుకోమని చెప్పి ఏం ప్రయోజనం?

తొలి పరీక్ష బీడీల దగ్గర వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ ప్రాంతంలో సాగు పనుల కాలంలో బీడీలు చుట్టడాన్ని నిషేధించారు. పొలాలకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. వృద్ధులూ, పొలం పనికి పోలేనివారూ కూడా ఆ నిషేధం కిందికే వచ్చారు. 1950 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్ష అతి అని కొట్టేసింది. 1951లో మొదటి సవరణ వృత్తి అర్హతలకూ, ప్రభుత్వమే వ్యాపారం చేయడానికీ 19(6)లో దారి తీసింది. 1954లో ఉత్తరప్రదేశ్ బస్సు యజమానుల కేసులో, ప్రజల రోడ్డును బతుకుదెరువుకు వాడుకోవడం కూడా హక్కే అని కోర్టు చెప్పింది. ఆ మాట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. కానీ బస్సుకు దొరికిన రోడ్డు తోపుడు బండికి దొరకడానికి ఇంకో తరం గడిచింది.

1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో జీవనోపాధి జీవించే హక్కులో భాగమే అని సుప్రీంకోర్టు తేల్చింది. 1989లో ఢిల్లీకి చెందిన సోదన్ సింగ్ కేసు వచ్చింది. వీధిలో సరుకు అమ్ముకోవడం 19(1)(జి) కింద ప్రాథమిక హక్కే, అయితే ఫలానా చోటే కావాలని అడిగే హక్కు లేదు అని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. తీర్పు గొప్పదే. కానీ వీధిలో అమ్మేవారికి చోటంటే గిరాకీ. రోజూ ఆ మలుపు దగ్గర ఆగే కొనుగోలుదారులే వాళ్ల పెట్టుబడి. ఈ హక్కును చట్టంగా చేసి తీరాలని 2010లో గైండా రామ్ కేసులో కోర్టు గడువు పెట్టాక, 2014 మే 1న వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకోవడానికి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. సర్వేలో తేలిన వ్యాపారులకు వార్డు జనాభాలో 2.5 శాతం మించకుండా చోటు చూపాలి. అంటే 40,000 మంది ఉన్న వార్డులో 1,000 మందికి. ఈ వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి. 50 ఏళ్లకు పైగా సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించి, అక్కడివారిని కదపకుండా ఉంచాలి. 1591లో చార్మినార్‌తో పాటే అంగళ్ల వీధులు పుట్టిన నగరం మనది. ఈ నిబంధన మనకోసమే రాశారా అనిపిస్తుంది.

కోఠిలో నేను జామకాయలు కొనే అవ్వ తన ధ్రువపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, చిల్లర సంచిలో అడుగున పెట్టుకుంటుంది. అధికారులు స్వాధీనం చేసుకున్న సరుకుకు జాబితా ఇవ్వాలని, రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉందని ఆమెకు చెప్పాను. కారం పొట్లం మడుస్తూ శ్రద్ధగా వింది. తర్వాత పక్కనున్న కాటా వైపు చూసి, "ఇది ఏ లెక్కలోకి వస్తుంది బిడ్డా?" అని అడిగింది. కాటా పాడైపోయేది కాదు కాబట్టి రెండు పనిదినాలు పడుతుందన్నాను. శుక్రవారం సాయంత్రం పోతే మంగళవారం దాకా రాకపోవచ్చు.

"మరి ఆ నాలుగు రోజులూ కాయలు దేనితో తూచాలి?" అంది.