పి వేస్తే చాలా? ఆటోమేటిక్ గేర్ల మీద అపోహలు - వాస్తవాలు

మూసాపేటలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేస్తుంటాను. కొత్తగా ఆటోమేటిక్ కొన్నవాళ్ళు ఎక్కువగా అడిగేవి, పొరపాటు పడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పి (పార్కింగ్) వేశాక హ్యాండ్‌బ్రేక్ ఎందుకు?

వాస్తవం: పి బ్రేకు కాదు, గొళ్ళెం. గేర్‌బాక్సులో పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. పి వేయగానే చిన్న ఇనుప కొక్కెం వచ్చి ఆ పళ్ళ సందులో పడుతుంది. బంజారాహిల్స్ ఎత్తుల్లోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదో పి వేసి బ్రేకు వదిలేస్తే బండి కొంచెం జారి, దాని బరువంతా ఆ కొక్కెం మీద పడుతుంది. మర్నాడు పొద్దున లివర్ బిగుసుకుంటుంది, గట్టిగా లాగితే 'టప్' మంటుంది. గేర్‌బాక్సు పోయిందేమోనని టెన్షన్ పడుతూ వచ్చిన చాలామందికి నేను చెప్పింది ఒక్కటే. బ్రేకు తొక్కి బండి ఆపండి. ఎన్ (న్యూట్రల్) వేసి హ్యాండ్‌బ్రేక్ లాగండి. కాలు మెల్లగా తీస్తే బరువు హ్యాండ్‌బ్రేక్ మీద కుదురుకుంటుంది. మళ్ళీ బ్రేకు తొక్కి అప్పుడు పి వేయండి. బండి తీసేటప్పుడు ముందు పి లోంచి బయటికి రండి, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ దించండి.

అపోహ: ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే.

వాస్తవం: కాదు. 2014లో మారుతి సెలేరియో కారుతో మన దగ్గర మొదలైన ఏఎంటీల్లో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం మన బదులు యంత్రం చేస్తుంది. చాలా ఏఎంటీల్లో పి అసలు ఉండదు. ఎన్‌లో పెట్టి దిగిపోతే బండిని ఆపేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అందుకే గేరులో ఉంచి ఇంజిన్ ఆపాలి. ఎలాగన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, దయచేసి ఆ పేజీ చదవండి. ఇంకో మాట. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి బండిని నిలబెట్టకండి. ఏఎంటీ అయినా, రెండు క్లచ్‌లుండే డీసీటీ అయినా క్లచ్ ప్లేటు కాలిపోతుంది. బ్రేకు తొక్కి ఆపండి.

అపోహ: దిగుడులో ఎన్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: ఇప్పటి చాలా బళ్ళలో డి (డ్రైవ్) లో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, వేగం ఉన్నంతసేపూ ఇంజిన్‌కి పెట్రోలు ఆగిపోతుంది. ఎన్ వేస్తే ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతూ తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. శ్రీశైలం ఘాట్‌లో ఇది ప్రాణాలతో చెలగాటం. లివర్ మీద ఎల్, 2, ఎం లాంటివి ఉన్నది ఇలాంటి దిగుడు కోసమే. వాటితో గేరు తగ్గించుకుంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

సిగ్నల్ దగ్గర ప్రతిసారీ ఎన్ వేయాలా? అక్కర్లేదు. చాలాసేపు ఆగేటట్టుంటే ఎన్ వేసి హ్యాండ్‌బ్రేక్ లాగండి, లేదంటే డి, బ్రేకు చాలు.

బండి కదులుతుండగా డి నుంచి ఆర్ (రివర్స్)కి మాత్రం ఎప్పుడూ మార్చకండి, పూర్తిగా ఆగాకే మార్చండి. ఈ రెండింటి మధ్య ఎన్ ఉండాలని అమెరికాలో 1968 నుంచి నిబంధన ఉంది. అంతకుముందు కొన్ని బళ్ళలో ఆర్ పక్కనే ముందుకు నడిపే ఎల్ ఉండేది.

చివరగా, బండి ఆగిపోతే ఎన్ వేసి తాడుతో లాక్కెళ్ళకండి. చాలా ఆటోమేటిక్‌లలో ఇంజిన్ తిరగకపోతే గేర్‌బాక్సు ఆయిల్ పంపు కూడా తిరగదు. చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ అందక అరిగిపోతాయి. ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. బ్యాటరీ డెడ్ అయి లివర్ పి లోంచి రాకపోతే, చాలా బళ్ళలో లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి, మూత కింద ఉన్న మీటను నొక్కితే లివర్ కదులుతుంది.