చైనీస్ రెస్టారెంట్‌కి స్నేహితులతో కలిసి వెళ్తున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కాస్త ఖరీదైన చైనీస్-అమెరికన్ రెస్టారెంట్‌లో ఫ్లోర్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. టేబుళ్లు చూడటం, ఆర్డర్లు సరిచూడటం, వంటింటికీ వచ్చినవాళ్లకీ మధ్య మాట చేరవేయడం నా పని. శని, ఆదివారాల్లో మన తెలుగువాళ్ల గ్రూపులు చాలా వస్తాయి. గ్రీన్‌కార్డ్ వచ్చిందనో, పుట్టినరోజనో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారనో ఎనిమిది, పదిమంది కలిసి వస్తారు. ఖర్చుకు వెనకాడరు. కానీ కొన్ని అపోహల వల్ల పెట్టిన డబ్బుకు తగిన భోజనం తినకుండానే లేచిపోతుంటే నాకు బాధనిపిస్తుంది.

అపోహ: తలా ఒకటి ఆర్డర్ చేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా భోజనం చెడిపోయేది ఇక్కడే. ఈ వంటకాలన్నీ మధ్యలో పెట్టి అందరూ పంచుకునేలా తయారుచేసినవి. పదిమందీ విడివిడిగా చెప్తే నాలుగు ప్లేట్లు ఆరెంజ్ చికెన్, మూడు ఫ్రైడ్ రైస్, మూడు నూడుల్స్ వస్తాయి. అన్నీ తీపి, అన్నీ వేపుళ్లు. సగం తినేసరికే మొహం మొత్తుతుంది. దానికి తోడు, ఒకే వంటకం నాలుగు ప్లేట్లు ఒకేసారి వోక్‌లో, అంటే వాళ్ల లోతైన బాణలిలో, వేస్తే వేడి పడిపోతుంది. నీరు ఊరి, వేగాల్సింది ఉడుకుతుంది. అందుకే వంటవాళ్లు విడతలుగా చేస్తారు. మొదటి ప్లేటు వచ్చినవాళ్లు తినేశాక గానీ నాలుగోవాళ్లకు అందదు.

నేను చెప్పే లెక్క సులువైనది. మనిషికి ఒక వంటకం చొప్పున, కానీ ఏ రెండూ ఒకేలా ఉండకుండా చెప్పండి. ఒక చల్లటిది, ఒక సూపు, ఆవిరి మీద ఉడికించినది ఒకటి, కరకరలాడేది ఒకటి, ఆకుకూర ఒకటి, టోఫు ఒకటి, చివర్లో అన్నమో నూడుల్సో. గుండ్రంగా తిరిగే టేబుల్ ఉన్నది అందుకే. 1910-11లో మంచూరియా ప్లేగును అదుపు చేసిన డాక్టర్ వు లియెన్-తే, అందరి చాప్‌స్టిక్‌లూ ఒకే గిన్నెలో మునగకుండా తిరిగే పళ్లెం వాడమని 1915లో సూచించారు. వడ్డించుకోవడానికి వేరే గరిటె అన్న పద్ధతి కూడా ఆయన ఆలోచనలోదే. ఎంగిలి పట్టింపు ఉన్న మన పెద్దవాళ్లకు ఈ మాట చెప్పండి, ఎంతో కుదుటపడతారు.

పెకింగ్ డక్ కావాలంటే మాత్రం టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. బాతు చర్మానికీ మాంసానికీ మధ్య గాలి నింపి, మీద మరిగే నీళ్లు పోసి, మాల్టోజ్ పాకం పూసి, దాదాపు ఒక రోజంతా వేలాడదీసి ఆరబెట్టాకే కాలుస్తారు. అప్పటికప్పుడు అడిగితే అయ్యే పని కాదు. మీ ఎదురుగానే కోస్తాం. ముందు వచ్చే చర్మం ముక్కలు అద్దంలా మెరుస్తూ, పంటి కింద పెళుసుగా విరుగుతాయి. ఆ పెళుసుతనం కాసేపే ఉంటుంది. ఫోటోలు బాతు పూర్తిగా ఉన్నప్పుడే తీసుకుని, కోయడం మొదలవగానే పల్చటి రొట్టెలో ఉల్లికాడ, దోసకాయ, సాస్‌తో చుట్టి వెంటనే తినేయండి.

అపోహ: 'వెజ్' అని ఒక్క మాట చెప్తే చాలు.

వాస్తవం: చాలదు. దయచేసి ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇది ఒకరి నమ్మకానికి సంబంధించిన విషయం. శనివారం ముక్క ముట్టనివాళ్లు, కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసేవాళ్లు మన గ్రూపుల్లో ఒకరిద్దరైనా ఉంటారు. మెనూలో కూరగాయల పేరు కనిపించగానే అది శాకాహారం అనుకుంటారు. మాపో టోఫులో గొడ్డు మాంసమో పంది మాంసమో కీమాగా వేయడం సంప్రదాయం. వేయించిన గ్రీన్ బీన్స్‌లోనూ, గార్లిక్ సాస్ వంకాయలోనూ చాలాచోట్ల పంది కీమా ఉంటుంది. హాట్ అండ్ సోర్ సూప్‌కి చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లే ఆధారం. ఆకుకూర మీద నిగనిగలాడేది చాలాసార్లు ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల సారం. ఎక్స్‌ఓ సాస్ అని కనిపిస్తే అందులో ఎండు రొయ్యలుంటాయి. వెజ్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు మామూలే. స్ప్రింగ్ రోల్స్ రొయ్యలు వేయించిన నూనెలోనే వేగవచ్చు.

అందుకే 'వెజ్' అనకుండా విడమర్చి చెప్పండి: మాంసం, చేప, గుడ్డు తినరు, ఆయిస్టర్ సాస్, చికెన్ స్టాక్ వద్దు, నూనె వేరుగా ఉందా అని. పుట్టగొడుగులతో చేసే ఆయిస్టర్ సాస్ ఉంటుంది, అడిగితే దాంతో చేస్తారు. బౌద్ధ ఆశ్రమాల వంట నుంచి వచ్చిన 'బుద్ధాస్ డిలైట్' అనే కూరగాయల వంటకం అసలు పద్ధతిలో ఉల్లి, వెల్లుల్లి లేనిదే. వోక్ మాత్రం ఉమ్మడిదే. ఒక్కో వంటకానికీ మధ్య వేడినీళ్లతో కడుగుతారు, విడిగా ఉండదు. అది కుదరనివాళ్లను తీసుకొస్తుంటే ముందే ఫోన్ చేయండి, ఏది వీలవుతుందో ఏది కాదో నిజం చెప్తాం. వేరుశనగ, నువ్వులు, రొయ్యల అలర్జీ ఉన్నా ఇదే మాట. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: అజినొమోటో వేస్తారు, ఒంటికి మంచిది కాదు.

వాస్తవం: మనం అజినొమోటో అని పిలిచే ఎంఎస్‌జీని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి కనిపెట్టారు. దానికి రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థమే టమాటాలోనూ ఉంటుంది. 1968లో అమెరికాలో ఒక డాక్టర్, చైనీస్ భోజనం తర్వాత మెడ తిమ్మిరెక్కుతోందని వైద్య పత్రికకు ఉత్తరం రాశారు. సోయా సాస్, వంటకు వాడే వైన్, ఉప్పు, ఎంఎస్‌జీ, వీటిలో ఏదో కారణం కావచ్చన్నారు తప్ప ఏదీ తేల్చలేదు. నింద మాత్రం ఎంఎస్‌జీ మీద, చైనీస్ హోటళ్ల మీద పడింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఉప్పు, బేకింగ్ పౌడర్‌ల మాదిరే సురక్షితమైన పదార్థాల కోవలో పెట్టింది. ఖాళీ కడుపున 3 గ్రాములో అంతకు మించో తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పిలాంటివి రావచ్చు. మామూలుగా ఒక మనిషి తినే వంటకంలో ఉండేది అర గ్రాము లోపే. తిన్నాక విపరీతంగా దాహం వేస్తే సోయా సాస్‌ని అనుమానించండి. ఒక్క టేబుల్ స్పూన్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. బీపీ ఉన్న నాన్నగారిని తీసుకొస్తే, ఆయన కోసం సాస్ తగ్గించి చేయమని అడగండి. ఆవిరి మీద ఉడికించిన చేప మంచి ఎంపిక.

అపోహ: ఇది అసలైన చైనీస్ కాదు, అమెరికావాళ్ల కోసం చేసిన డూప్లికేట్.

వాస్తవం: ఈ మాట నాకు చాలా కష్టంగా ఉంటుంది. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది, అది 1943 దాకా నడిచింది. 1915లో ఒక కోర్టు తీర్పు రెస్టారెంట్ యజమానులను ఆ చట్టం అడ్డుపడని వ్యాపారుల కింద లెక్కించడంతో, చైనా నుంచి మనుషులను రప్పించుకోవడానికి హోటల్ పెట్టడం ఒక దారి అయింది. దొరికిన కూరగాయలతో, ఎదుట కూర్చున్నవాళ్ల నాలుకకు తగ్గట్టు వండి వాళ్లు బతికారు. 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సిసిలియా చియాంగ్ 'ది మాండరిన్' తెరిచి, ఉత్తర చైనా, సిచువాన్ ప్రాంతాల వంటలను దర్జాగా వడ్డించారు. ఇవాళ మేం చేస్తున్న ఈ తరహా సర్వీసుకు ఆమె పెద్దదిక్కు. జనరల్ సోస్ చికెన్‌ను చైనాలోని హునాన్‌కు చెందిన పెంగ్ చాంగ్-క్వే తైవాన్‌లో ఉండగా చేశారు, అప్పుడు అందులో తీపి లేదు, న్యూయార్క్ చేరాకే తీపెక్కింది. మన మంచూరియా కూడా ఇండియాలో స్థిరపడిన చైనీయుల చేతి వంటే. అందుకే ఇక్కడ మెనూలో దాని కోసం వెతకొద్దు.

అపోహ: మన కారానికి వీళ్ల కారం ఆనదు.

వాస్తవం: సిచువాన్ మిరియం మంట పుట్టించదు, నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో 1968 నుంచి 2005 దాకా అమెరికా దీని దిగుమతినే నిషేధించింది. 'ఇండియన్ స్పైసీ' అని చెప్తే వంటవాళ్లు మిరపకాయలు గుప్పిస్తారు, మిగతా రుచులు మునిగిపోతాయి. ముందు ఉన్నది ఉన్నట్టు తినండి, మిరప నూనె పక్కన పెట్టించుకోండి.

అపోహ: బిల్లు సంగతి చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: ఎన్ని కార్డుల మీద కావాలో కూర్చోగానే చెప్పండి. పెద్ద గ్రూపులకు చాలాచోట్ల సర్వీస్ ఛార్జి ముందే కలుపుతారు, ఆ సంగతి మెనూలో రాసి ఉంటుంది. కలిపి ఉంటే మళ్లీ టిప్ అక్కర్లేదు. లేకపోతే 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి పద్ధతి.

అపోహ: ఇంత పెద్ద హోటల్‌లో మిగిలింది ప్యాక్ చేయమంటే నామోషీ.

వాస్తవం: నామోషీ ఏమీ లేదు, డబ్బాలు మేమే తెచ్చిస్తాం. వేపుళ్లకూ సాస్‌కూ వేర్వేరు డబ్బాలు అడగండి. బాతు ఎముకలు వదిలేయొద్దు, అవి కూడా కట్టిమ్మనండి. మర్నాడు అల్లం, క్యాబేజీ వేసి గంటసేపు మరిగిస్తే నలుగురికి సరిపోయే సూపు అవుతుంది.