గ్లాసు ఎవరి చేతిలో ఉండాలి?

మా ఊళ్లో పిల్లలకు నాలుగు విరేచనాలు అయ్యాయంటే చాలు, ఇప్పటికీ పెద్దవాళ్లు ముందు అడిగేది, "డాక్టరు గారూ, ఒక సెలైన్ బాటిల్ పెట్టండి" అనే. ఓఆర్ఎస్ ప్యాకెట్, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పూ గ్లూకోజూ ఉన్న పొడి, చేతికిస్తే ముఖం చిన్నబోతుంది. సూదితో ఎక్కించేదే అసలు వైద్యం, గ్లాసులో తాగేదానికి ఏం బలం ఉంటుందని వాళ్ల భయం. వాళ్లను తప్పుపట్టలేను. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లూ ఇలాగే అనుకున్నారు.

కలరాను తెలంగాణ పల్లెల్లో గత్తర అనేవారు. అది మనిషిని చంపేది ఒంట్లో నీళ్లూ ఉప్పూ తోడేసి. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోతుంది. 1832లోనే స్కాట్లండ్ డాక్టర్ థామస్ లాటా నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించి కొందరిని బతికించాడు. ఆ రోజుల్లో అదే దుస్సాహసం అనిపించి, చాలాకాలం మూలన పడింది. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి సెలైన్ ఎక్కించడమే సరైన వైద్యం అయింది, నోటితో తాగించడం దుస్సాహసం అయింది.

తాగిస్తే లాభం లేదనడానికి కారణం కనబడుతూనే ఉంది. ఉత్త నీళ్లు తాగించినా, ఉప్పునీళ్లు తాగించినా తిరిగి విరేచనంలోనే పోయేవి. పేగు పాడైపోయిందనీ, దానికి విశ్రాంతి ఇవ్వాలనీ డాక్టర్లు అనుకునేవారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు "నీళ్లు పట్టకండి, ఇంకా ఎక్కువవుతాయి" అన్నదీ అదే లెక్క.

పేగు నిజంగా పాడైపోలేదు. దాని గోడలో ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ కలిసి వస్తేనే తెరుచుకునే దారి ఒకటి ఉంది. ఈ సంగతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్‌లో జరిగిన సమావేశంలో వివరించాడు. కలరా విషం పేగులోకి నీళ్లు కారేలా చేస్తుంది గానీ ఈ జోడీ దారి జోలికి పోదు. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, నీళ్లు ఉప్పు ఉన్నవైపు లాగబడతాయి. పేగు లోపలి నుంచి ఉప్పూ గ్లూకోజూ ఒంట్లోకి దాటితే, వాటి వెంట నీళ్లూ దాటతాయి. పాళ్లు తప్పి చక్కెర ఎక్కువైతే మాత్రం ఊట ఎదురు తిరుగుతుంది, ఒంట్లో నీళ్లే పేగులోకి వస్తాయి.

కలకత్తా డాక్టర్ హేమేంద్రనాథ్ చటర్జీ ఇంకా ముందే, 1953లో, 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించిన అనుభవాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పోల్చి చూడటానికి వేరే రోగుల గుంపు లేదు, ఒంట్లోకి ఎంత చేరిందో కొలతలూ లేవు. 1962లో ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి ప్రయత్నంలో పాళ్లు కుదరక కొందరు చనిపోయారు కూడా. కాబట్టి అనుమానపడ్డవాళ్లందరూ మూర్ఖులు కారు. 1968లో ఢాకాలో అమెరికా డాక్టర్లు డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ రోగి ఒంట్లోంచి పోయిన నీళ్లు ఎన్నో కొలిచి, అన్నీ తిరిగి తాగించి చూపించాక గానీ లెక్క తేలలేదు. సెలైన్ అవసరం 80 శాతం దాకా తగ్గింది.

అప్పటికీ ఒక అభ్యంతరం మిగిలింది. నాకు అసలైనదిగా తోచేది అదే. డాక్టరూ నర్సూ దగ్గరుండి తాగిస్తే సరే, చదువురాని తల్లి చేతికి ఈ గ్లాసు ఎలా ఇస్తాం?

1971లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీద పడి ఉన్నారు. వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చుని సూది గుచ్చాల్సిన పరిస్థితి. సెలైన్ అయిపోతోంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇంకొకరి అనుమతి కోసం ఆగలేదు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. ఈ పొడులను పాలిథిన్ సంచుల్లో నింపి, ఇస్త్రీపెట్టెతో మూతి అతికించారు. నీళ్లలో కలిపి డ్రముల్లో పోసి, రోగి పక్కనున్న తల్లికో అన్నకో గ్లాసు ఇచ్చి తాగిస్తూ ఉండమన్నారు. దానికి "నోటి సెలైన్" అని పేరు పెట్టారు. ఆ పేరు నాకెంతో నచ్చింది. సెలైన్ మీద జనానికి ఉన్న నమ్మకాన్ని గ్లాసులోకి తెచ్చారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి.

1980లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ప్యాకెట్ కూడా లేకుండా మొదలుపెట్టింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు (సుమారు అర లీటరు) నీళ్లు. మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, తల్లుల చేతే కలిపించారు. పదేళ్లలో కోటీ ఇరవై లక్షల ఇళ్లకు పైగా తిరిగారు. కార్యకర్త జీతం ఎన్ని ఇళ్లు తిరిగిందన్న దాన్నిబట్టి కాదు, తల్లులకు ఎంత గుర్తుందన్న దాన్నిబట్టి ఇచ్చేవారు. కొన్ని వారాల తర్వాత మరొకరు వచ్చి, ఏవో కొన్ని ఇళ్లు ఎంచుకుని, "ఏదమ్మా, ఒకసారి కలిపి చూపించు" అని అడిగేవారు. ఆ తల్లి మూడు వేళ్లతో ఉప్పు తీసి నీళ్లలో వేసేది.